చప్పుడు లేని చప్పట్లు

ఆ పొద్దున గొడవంతా ఒక గరిటె దగ్గర మొదలైంది.

ఆ ఇంట్లో చెక్క గరిటె ఒక్కటే ఉంది. పొయ్యి పక్కన ఉండాల్సింది కాస్తా వంటింటి కిటికీ రెక్కకి అడ్డంగా ఇరుక్కుని ఉంది. గాలికి రెక్క టపటపా కొట్టుకుంటోందని అత్తగారు చేసిన ఏర్పాటది. పెద్దకోడలు చేతికందిన స్టీలు గరిటె తీసుకుని మూకుడు అడుగు గీకుతోంది. మామూలుగా గీకడం కాదు, అడుగంటిన కూరతో తనకేదో పాతకక్ష ఉన్నట్టు గీకుతోంది.

"అక్కా, చెక్క గరిటె వాడమన్నానుగా" అంది చిన్నకోడలు, సగం అల్లిన జడ చేత్తో పట్టుకుని గుమ్మంలోకి వచ్చి.

"కిటికీనడుగు. అది వదిలితే వాడతాను."

"ఒక్క నిమిషం ఆగితే నేనే తీసిస్తాను కదా."

"ఒక్క నిమిషం ఆగితే కూర మసైపోతుంది. నీ కూతురి చెవుల కోసం ఇంటిల్లిపాదినీ నోళ్ళు కట్టుకోమంటావా?"

హాల్లో కూర్చున్న అత్తగారు ఆ మాటల్లో ఒక్కటి కూడా జారవిడవలేదు. కిటికీ కొట్టుకుంటే ఒక గోల, మూకుడు గీకితే ఒక గోల, ఇంక ఈ ఇంట్లో వంట సైగలతో చేసుకోవాలి కాబోలు అని ఎవరితోనూ కానట్టు గోడతో అంది.

చిన్నకోడలికి ఒళ్ళు మండింది. విసురుగా వెళ్ళి కిటికీలోంచి గరిటె ఊడబెరికింది. గరిటె చేతికొచ్చింది. ఆసరా తప్పిన కిటికీ రెక్క ధడాలున వచ్చి చట్రానికి కొట్టుకుంది. భోజనాల బల్ల కింద రెండు చేతులా చెవులు మూసుకుని ముడుచుకు కూర్చున్న పిల్ల కెవ్వుమని కేక పెట్టింది.

"చూశావా, నేను గీకినంతసేపూ అరవలేదు" అంది పెద్దకోడలు తాపీగా.

స్టీలు గరిటెకి పళ్ళు బిగబట్టి ఓర్చుకున్న పిల్ల, చెక్క గరిటె పుణ్యమా అని అరిచింది. బల్ల ముందు కూర్చుని తింటున్న పెద్దకోడలి కూతురు కాసేపు కిటికీని చూసింది, కాసేపు గరిటెని చూసింది, తర్వాత తల వంచి బల్ల కిందకి చూసింది. చూసి మళ్ళీ తినడం మొదలుపెట్టింది.

చిన్నకోడల్ని వీధిలో అందరూ టీచరమ్మ అనే అంటారు. రెండు వీధుల అవతలున్న బడిలో మూడో తరగతికి ఆవిడే టీచరు. పనిలో వేలెత్తి చూపడానికి ఉండదు. బోర్డు మీద ఆవిడ గీసిన గీత స్కేలు పెట్టి గీసినట్టుండేది. పిల్లల పెన్సిళ్ళన్నీ పొద్దున్నే ఒకే మొనకి చెక్కి ఉండేవి. పద్ధతిగా నేర్పితే రానిదంటూ ఏదీ ఉండదని ఆవిడ నమ్మకం. బల్ల కింది పిల్ల ఆవిడ ఒక్కగానొక్క కూతురు. ముడుచుకు కూర్చునే తీరు చూసి చనిపోయిన తాతయ్య గువ్వ అని పిలిచేవాడు, ఆ పేరే ఉండిపోయింది.

గువ్వకి ఎనిమిదేళ్ళు, తల్లి తరగతిలోనే చదువు. నాన్నా పెదనాన్నా నడిపే పరుపుల దుకాణంలో కళ్ళు మూసుకుని గుడ్డ తడిమి అది ఏ తానులోదో చెప్పేది. పుస్తకం ఒక్కసారి చదివితే చాలు. అబద్ధం మాత్రం రాదు. రాకపోవడం మంచితనం వల్ల కాదు, అలాంటిదొకటి లోకంలో ఉందని దానికి తట్టకపోవడం వల్ల. ప్రశ్న అడిగితే పూర్తిగా జవాబు చెప్పేదాకా వదిలేది కాదు. అయితే కొన్ని చప్పుళ్ళు వింటే పిల్ల పిల్లలా ఉండదు. లోహం మీద లోహం గీసుకుంటే చాలు, మాట పోతుంది, ఊపిరి అందదు, ఆ తర్వాత కేక. ఆ కేక వింటే పక్కవీధిలో వాళ్ళు కూడా తలుపులు తీసి చూస్తారు.

పెద్దకోడలి కూతురిదీ అదే ఈడు, అదే తరగతి. ఆ పిల్ల నోటికి నానమ్మ పెట్టిన పేరు లాయరు. ఏ తప్పు చేసినా దానికో న్యాయం చూపించేది, ఆ న్యాయం కూడా ఎదుటివాళ్ళ మాటల్లోంచే తీసేది.

ఆ ఏడాది గువ్వ మీద ఒక కత్తి వేలాడుతోంది. తరగతిలో అప్పటికే రెండుసార్లు కేక పెట్టింది. కొందరు తల్లిదండ్రులు వచ్చి మా పిల్లలు బెదిరిపోతున్నారని హెడ్‌మిస్ట్రెస్ దగ్గర గొడవ చేశారు. హెడ్‌మిస్ట్రెస్ టీచరమ్మని పిలిచి, మీ ముఖం చూసి ఇన్నాళ్ళు ఊరుకున్నాను, ఇంకొక్కసారి ఆ కేక వినబడితే నా చేతుల్లో ఏమీ ఉండదని మెత్తగా చెప్పింది. ఇంట్లోనూ అదే పాట. ఊరి చివర ఇలాంటి పిల్లల్ని ఉంచుకుని చదువు చెప్పే హాస్టలు ఒకటుంది. బావగారు అక్కడికి పరుపులు వేసి వచ్చినప్పటి నుంచీ దాని ఊసు నెమ్మది నెమ్మదిగా ఇంట్లోకి చేరింది. బడిలోంచి తీసేస్తే ఇంక వేరే దారేముందని అత్తగారు అంటుండేది. టీచరమ్మ భర్త అన్నగారి వైపు చూసేవాడు, తల్లి వైపు చూసేవాడు, కంచంలోకి చూసుకునేవాడు. గువ్వని తన దగ్గర ఉంచుకోవాలంటే ఆ కేక ఆగాలి. టీచరమ్మకి లోకం మొత్తం ఆ ఒక్కదాని చుట్టూ తిరుగుతోంది.

అలాంటి సమయంలో హెడ్‌మిస్ట్రెస్ ఏదో శిక్షణకి వెళ్ళొచ్చి ఒక కొత్త సంగతి తెచ్చింది. మనుషులందరి మెదళ్ళూ ఒకే అచ్చులో పోసినవి కావు, ఒక్కొక్కరి మెదడు ఒక్కో తీరు, ఈ సంగతి చిన్నతరగతుల నుంచే పిల్లలకి పాఠంగా చెప్పాలట. ముందు ఒక తరగతిలో చెప్పి, తల్లిదండ్రుల్ని పిలిచి చూపించాలట. ఎవరు చెప్తారని అడగడమే తరువాయి, టీచరమ్మ చెయ్యెత్తింది. పోగొట్టుకున్న చోటే వెతుక్కోమన్నట్టు, వెతకబోయిన తీగ కాలికి తగిలిందనుకుంది.

పాఠం ఎంత బాగా తయారుచేసిందంటే, చెడ్డగా చెప్పి ఉంటేనే బాగుండేదని తర్వాత ఎవరికైనా అనిపిస్తుంది.

ఆ రోజు వెనక బల్లల మీద తల్లిదండ్రులు కూర్చున్నారు. వాళ్ళ మధ్యలో లాయరు తల్లి హోదాలో తోడికోడలు కూడా ఉంది. టీచరమ్మ ఒక పిల్లాడి చేతులకి మందపాటి ఉన్ని గ్లవ్స్ తొడిగి చొక్కా బొత్తాలు పెట్టుకోమంది. వాడు ఎంతసేపు తంటాలు పడ్డా ఒక్క బొత్తం పడలేదు. తొందరగా తొందరగా అంటూ ఆవిడ వెనక నిలబడి తరిమింది. వాడికి ఏడుపొచ్చేసింది. "కొందరి చేతులకి ఎప్పుడూ ఇలాగే ఉంటుంది. వాళ్ళు సోమరులు కాదు" అంది. ఇంకో అమ్మాయిని నలిపిన ప్లాస్టిక్ కాగితం లోంచి పుస్తకం చదవమంది. అక్షరాలు జారిపోతుంటే ఆ పిల్ల నత్తి నత్తిగా చదివింది. మరొకణ్ణి కూర్చోబెట్టి రెండు చెవుల్లో ఇద్దరి చేత ఎక్కాలు చదివిస్తూ, మధ్యలో తను కూడికలు అడిగింది. పిల్లలు నవ్వారు, తర్వాత నవ్వు మానేశారు. వాళ్ళకి నిజంగానే అర్థమైంది. గ్లవ్స్ పిల్లాడు, సరిగా రాయలేని తన పక్కవాడి భుజం మీద చెయ్యి వేశాడు. పాఠం అక్కడితో అయిపోవాలి. తయారుచేసుకున్నది అంతవరకే.

కానీ వెనక బల్ల మీద తోడికోడలు చేతులు కట్టుకుని, ఓహో ఇదా నీ విద్య అన్నట్టు చూస్తోంది. ఆ చూపు చూసి టీచరమ్మ ఒక మెట్టు ఎక్కువ ఎక్కింది.

"గువ్వా, ఇలా రామ్మా. నీకు ఏ చప్పుళ్ళంటే కష్టమో అందరికీ చెప్పు."

గువ్వ లేచొచ్చి తిన్నగా నిలబడింది. ప్రశ్న అడిగారు కాబట్టి పూర్తిగా చెప్పింది. చెంచాతో గిన్నె గీస్తే కష్టం. కుర్చీ కాళ్ళు నేల మీద ఈడిస్తే కష్టం, కానీ చెంచా అంత కాదు. అందరూ కలిసి చప్పట్లు కొడితే కష్టం. నెమ్మదిగా గీస్తే గట్టిగా గీసినదానికన్నా ఎక్కువ కష్టం, ఎప్పుడు ఆగుతుందో తెలియదు కాబట్టి.

"అప్పుడు ఏమవుతుంది?" అని వెనక నుంచి ఒక తల్లి, కళ్ళు తుడుచుకుంటూ అడిగింది.

"ముందు పళ్ళు జివ్వుమంటాయి. తర్వాత మాటలు రావు. తర్వాత అరుస్తాను. అరవకుండా ఆపుకుంటే లంగాలో పోసుకుంటాను" అంది గువ్వ.

ఆ ఆఖరి మాట టీచరమ్మ గుండెలో ముల్లులా దిగింది, కానీ అప్పటికే హెడ్‌మిస్ట్రెస్ లేచి నిలబడి ఎంత ధైర్యం, ఎంత నిజాయితీ అంటోంది. తల్లులు చప్పట్లు కొట్టబోయారు. టీచరమ్మ చప్పున చెయ్యి అడ్డం పెట్టి, తనకి చప్పట్లు కష్టం కదా, రెండు చేతులూ పైకెత్తి ఇలా ఆడిద్దాం అని చూపించింది. తరగతి తరగతంతా చేతులెత్తి వేళ్ళు ఆడించింది. గాలికి ఆకులు ఆడినట్టు, చిన్న చప్పుడైనా లేకుండా. గువ్వ ఆ చేతుల్ని అటునుంచి ఇటు దాకా చూసి నవ్వింది. బడిలో ఆ పిల్ల నవ్వడం ఎవరైనా చూడటం అదే మొదలు.

ఆ సాయంత్రం తోడికోడలు బట్టలు మడత పెడుతూ మెచ్చుకుంది. "బాగా చెప్పావమ్మా. ఆ పోసుకునే సంగతి కూడా నలుగురిలో చెప్పించావు. నాకైతే అంత గుండె ఉండేది కాదు."

కొన్నాళ్ళు బాగానే సాగింది. పిల్లలు గువ్వ ముందు కాళ్ళ మునివేళ్ళ మీద నడిచారు. కుర్చీలు ఎత్తి పెట్టారు. గువ్వకి నీళ్ళ సీసా అందించడానికి పోటీలు పడ్డారు. కొత్త బొమ్మ మోజు ఎన్నాళ్ళుంటుందో ఆ మంచితనమూ అన్నాళ్ళే ఉంది. తర్వాత అందులో రుచి పోయింది. మనిషికి తాళం ఎక్కడుందో, తాళంచెవి ఎలా ఉంటుందో చూపించాక, ఒకసారి తిప్పి చూడకుండా ఉండటం పెద్దవాళ్ళకే చేతకాదు.

మధ్యాహ్నం పిల్లలు తరగతి గదిలోనే డబ్బాలు తెరుచుకుని తింటారు, టీచర్లు స్టాఫ్ రూములో. ఒకరోజు టీచరమ్మ నీళ్ళ కోసం ఇవతలికి వచ్చేసరికి గదిలోంచి సన్నగా, చెంచా డబ్బా అడుగున తిరుగుతున్న చప్పుడు వినబడింది. లోపలికి వెళ్తే గువ్వ రంగు వెలిసిన గుడ్డలా ఉంది. లాయరు చెంచా డబ్బాలో ఆడిస్తూ కిటికీ బయటికి చూస్తోంది.

ఎందుకు చేస్తున్నావని అడిగితే లాయరు లేచి, మర్యాదగా, పాఠం అప్పజెప్పినట్టే చెప్పింది. "టీచర్, అందరి మెదడూ ఒక్కలా ఉండదని మీరే చెప్పారు కదా. నా మెదడుకి చెంచా ఆడిస్తూ ఉంటేనే అన్నం దిగుతుంది. వద్దంటే నాకూ కష్టమే కదా."

టీచరమ్మకి మింగలేక కక్కలేక అయిపోయింది. ఆ ఒక్క జవాబుతో తరగతికి దారి దొరికింది. మర్నాటికల్లా ఇంటికో మెదడు మొలిచింది. ఒకడి మెదడుకి కుర్చీ ఈడిస్తేనే పాఠం ఎక్కుతుంది. ఇంకొకడి మెదడు ఎక్కాలని అసలు ఒప్పుకోదు, అది దాని తీరు, వాడేం చేస్తాడు. గ్లవ్స్ పిల్లాడు బొత్తాలు పెట్టుకోవడమే మానేసి పొట్ట చూపించుకుంటూ తిరిగాడు. అందరూ కడిగిన ముత్యాల్లాంటి ముఖాలు పెట్టుకుని అనేవాళ్ళు. అన్నీ ఆవిడ మాటలే.

హెడ్‌మిస్ట్రెస్‌కి చెప్పుకుంటే ఆవిడ సంబరపడింది. చూశారా, పిల్లలు పాఠాన్ని తమకి అన్వయించుకుంటున్నారు అంది. చెంచాల సంగతి చెప్పబోతే కళ్ళద్దాలు సర్దుకుని, "అయితే మీ అమ్మాయికి ఇక్కడ కష్టంగా ఉందంటారా?" అని అడిగింది. ఆ ప్రశ్న వెనక ఊరి చివరి హాస్టలు గేటు కనిపించింది టీచరమ్మకి. అబ్బే, అలాంటిదేమీ లేదండీ అని వచ్చేసింది. ఇంటికి వచ్చి, పాపకి కొన్నాళ్ళు చెంచా పెట్టకుండా పంపమని తోడికోడల్ని బతిమాలింది. మా పిల్ల చేత్తో తినదమ్మా, ఒక్కొక్కరిది ఒక్కో తీరు, నువ్వు చెప్పిందే కదా అని పెద్దకోడలు సీసా మూత బిగిస్తూ అంది.

ఇంక మిగిలింది ఒక్కటే. పిల్లల్ని మార్చలేకపోతే పిల్లనే మార్చాలి. పద్ధతిగా నేర్పితే రానిదంటూ ఏదీ ఉండదు.

ఇంటి వెనక దూది మూటలు వేసుకునే గది ఉంది. దుకాణంలో పట్టనివన్నీ అందులోనే కుక్కుతారు. నాలుగు గోడలకీ పైదాకా దూదే. లోపల ఏం చేసినా బయటికి వినబడదు. బడి నుంచి రాగానే టీచరమ్మ కూతుర్ని ఆ గదిలోకి తీసుకెళ్ళింది. ఒక స్టీలు పళ్ళెం, ఒక చెంచా.

"చేతులు చెవుల మీద పెట్టుకోకూడదు. వాటి మీద కూర్చో. నోరు మూసుకుని ముక్కుతో ఊపిరి తీసుకో. నేను ఆపేదాకా అరవకూడదు."

"ఎందుకు?" అంది గువ్వ.

"నిన్ను నా దగ్గరే ఉంచుకోవడానికి."

గువ్వ అది నిజమా కాదా అని సరిచూసుకుంది. "నేను నీ దగ్గరే ఉన్నాను కదా."

టీచరమ్మ చెంచా పళ్ళెం మీద పెట్టి గీసింది.

మొదటి రోజు ఆ కేకని దూది తాగేసింది. తర్వాత రోజు కేక చిన్నదైంది. ఆ తర్వాత పళ్ళ మధ్య నలిగిన మూలుగు మాత్రమే మిగిలింది. పిల్ల వంగిపోయేది, చేతులు తొడల కింద తెల్లబడేవి, కళ్ళు తల్లి చేతినే చూస్తుండేవి. తల్లి ఆ కళ్ళలోకి చూడకుండా చెంచా వైపే చూసేది, బోర్డు మీద గీత వంకర పోకుండా చూసుకున్నట్టు. గట్టిగా గీయడం అలవాటయ్యాక నెమ్మదిగా గీయడం మొదలుపెట్టింది. నెమ్మదిగా గీస్తే ఎక్కువ కష్టమని పిల్లే చెప్పింది కదా, ఆఖరి మెట్టు అదే మరి. ఒకటి రెండుసార్లు లంగా తడిసింది. ఫరవాలేదు, అరవలేదుగా అంది. అయిపోయాక ప్రతిసారీ, బాగా చేశావు అన్నట్టు రెండు చేతులూ పైకెత్తి వేళ్ళు ఆడించేది. గువ్వ నవ్వేది కాదు. లేచి లంగా మార్చుకోవడానికి వెళ్ళేది.

ఒకరోజు అలా చేతులు ఆడిస్తూ తిరిగేసరికి తలుపు సందులో లాయరు నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో. టీచరమ్మ చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"పాఠమా పిన్నీ?" అని అడిగింది లాయరు.

"పాఠమే. గువ్వకి ధైర్యం నేర్పుతున్నాను. వెళ్ళు, చదువుకో."

లాయరు తలూపి వెళ్ళిపోయింది. అది బుద్ధిగల పిల్ల, ఒకసారి చూసింది మర్చిపోదు. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, టీచరమ్మకి కూడా.

చప్పుడు లేని చప్పట్ల కబురు బడి దాటి పోయింది. వేరే బడి నుంచి ఇద్దరు టీచర్లు చూడటానికి వచ్చారు. హెడ్‌మిస్ట్రెస్ వాళ్ళని వెంటబెట్టుకుని మధ్యాహ్నం భోజనాల వేళ మూడో తరగతి వైపు నడిచింది. టీచరమ్మ వాళ్ళకన్నా ముందే గబగబా వెళ్ళింది, గది సర్దుగా ఉందో లేదో చూద్దామని. కిటికీ దగ్గరే ఆగి లోపలికి చూసింది.

గదిలో అందరి చేతుల్లో చెంచాలున్నాయి. అందరూ గీస్తున్నారు. గట్టిగా కాదు, నెమ్మదిగా, ఒకే తీరుగా, డబ్బా అడుగున ఈ చివర నుంచి ఆ చివరకి. ఎవరూ నవ్వడం లేదు. ముందు బల్ల దగ్గర లాయరు నిలబడి, టీచరమ్మ నిలబడే చోటే నిలబడి, వేలితో తాళం చూపిస్తోంది. "చేతులు తియ్యకూడదు. ముక్కుతో ఊపిరి తీసుకో" అంటోంది, మెత్తగానే.

మధ్య వరసలో గువ్వ చేతుల మీద కూర్చుని ఉంది. పెదాలు రక్తం వచ్చేలా బిగబట్టుకుంది. తల్లి నేర్పినట్టే కూర్చుంది. ఒక్క పొల్లు పోలేదు. ఊపిరి ముక్కులోంచి ఈలలా వస్తోంది. కళ్ళు మాత్రం తలుపు వైపు ఉన్నాయి. ఆ కళ్ళు తిరిగి కిటికీలో తల్లిని చూశాయి. చూసి, అక్కడే ఆగాయి.

టీచరమ్మ ఒక్క అరుపు అరిస్తే చెంచాలు ఆగేవి. అరిస్తే హెడ్‌మిస్ట్రెస్ ఏం జరిగిందని అడుగుతుంది. అడిగితే పిల్లకి ఇక్కడ కష్టంగా ఉందని చెప్పాలి. అడుగుల చప్పుడు వెనకే వస్తోంది. ఇంకొంచెం, ఇంకొంచెం ఓర్చుకో తల్లీ, అనుకుంది. పైకి మాత్రం తేలు కుట్టిన దొంగలా నిలబడింది.

గువ్వ బల్ల కింద నేల తడిసింది. తడి సన్నగా ముందు బల్ల వైపు పాకింది.

లాయరు చెయ్యి ఎత్తింది. చెంచాలన్నీ ఒక్కసారిగా ఆగాయి. పిల్లలందరూ చెంచాలు కింద పెట్టి, రెండు చేతులూ పైకెత్తి, గువ్వ వైపు తిరిగి వేళ్ళు ఆడించారు.

అప్పుడే హెడ్‌మిస్ట్రెస్ గుమ్మంలోకి వచ్చింది. వచ్చిన టీచర్లలో ఒకావిడ గుండె మీద చెయ్యి వేసుకుంది. గుమ్మంలో నిలబడితే కనిపించేవి ఆ చేతులే. నేల కనిపించదు. ఎవరూ చెప్పకుండానే చేస్తున్నారండీ, చూడండి ఆ ప్రేమ అని హెడ్‌మిస్ట్రెస్ గొంతు తగ్గించి చెప్పింది. ఆవిడ కళ్ళు నిజంగానే చెమ్మగిల్లాయి. తర్వాత టీచరమ్మ భుజం తట్టి, "మీ అమ్మాయి ఎంత మారిందో. చూడండి, ఎంత నిమ్మళంగా కూర్చుందో" అంది.

"అవునండీ" అంది టీచరమ్మ. నవ్వింది కూడా.

ఆ నవ్వుని కూతురు చూసింది.

సాయంత్రం ఇంట్లో మామూలుగానే గడిచింది. గువ్వ తడిసిన లంగా తనే ఉతుక్కుని తీగ మీద ఆరేసింది. దూది గది వైపు తల్లి ఆ రోజు వెళ్ళలేదు. రేపట్నుంచి అక్కర్లేదని, నేర్చుకోవాల్సింది పిల్ల నేర్చేసుకుందని తనకి తనే చెప్పుకుంది.

రాత్రి భోజనాల దగ్గర అందరూ కూర్చున్నారు. గువ్వ చేతిలో దాని చెక్క చెంచా. అత్తగారు లంగా ఆరేసి ఉండటం చూసింది, ఊరుకునే మనిషి కాదు. మళ్ళీ పోసుకుందా అని కంచం మీదుగా అడిగింది.

"అరవలేదు నానమ్మా" అని జవాబు చెప్పింది లాయరు, గువ్వని మెచ్చుకుంటున్నట్టు. "మేం అందరం ధైర్యం పాఠం చేశాం. పిన్ని దూది గదిలో చేస్తుందే, అచ్చం అలాగే. నెమ్మదిగా గీశాం. అయిపోయాక చేతులు కూడా ఆడించాం."

ఏ గదిలో, ఏ పాఠం అని టీచరమ్మ భర్త భార్య వైపు తిరిగాడు. ఆయన ఆ ఇంట్లో ఒక ప్రశ్న అడగడమే అరుదు. టీచరమ్మ జవాబు వెతుక్కునే లోపల తోడికోడలు అందుకుంది. నా పిల్ల ఒక్కసారి చెంచా ఆడిస్తే ఇంత రభస చేశావు, నువ్వు రోజూ తలుపులేసుకుని గీస్తున్నావన్నమాట అంది. ఆ గొంతులో కోపం లేదు. గరిటె గొడవ నాడు ఉన్న తాపీయే ఉంది.

బావగారు గొంతు సవరించుకున్నాడు. ఆ హాస్టలు వాళ్ళతో తాను మాట్లాడాననీ, ఒక చోటు ఖాళీగా ఉందన్నారనీ, ఎవరినీ బలవంతం చేయడం లేదనీ చెప్పాడు. "పరుపులు మెత్తటివి. నా చేత్తో కుట్టినవే" అన్నాడు. అది ఆయనకి తెలిసిన ఓదార్పు.

"గువ్వ ఎక్కడికీ వెళ్ళదు" అంది టీచరమ్మ. "ఇవాళ హెడ్‌మిస్ట్రెస్ ముందు కిక్కురుమనకుండా కూర్చుంది. అరవలేదు. నేర్చుకుంటోంది. నా దగ్గరే ఉంటే ఇంకా నేర్పుతాను. ఇదంతా ఎవరి కోసం చేశాననుకుంటున్నారు?"

అత్తగారు కూర గిన్నెలోకి చెయ్యి చాచి, అందులోని స్టీలు గరిటె చూసి, ఏమనుకుందో, చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పెదనాన్నా" అంది గువ్వ. "అక్కడ పాఠాలు ఎవరు చెప్తారు?"

"అక్కడ టీచర్లు ఉంటారమ్మా. వేరే వాళ్ళు."

"అమ్మ చెప్పదా?"

"అమ్మ ఇక్కడే ఉంటుంది. సెలవుల్లో నిన్ను చూడ్డానికి వస్తుంది."

గువ్వ నోట్లో ముద్ద పూర్తిగా నమిలి మింగేదాకా ఆగింది. నోట్లో అన్నం పెట్టుకుని మాట్లాడకూడదని నేర్పింది తల్లే. ఏడవలేదు, ఎవరి మీదా కోపంగా లేదు. అడిగినదానికి పూర్తిగా జవాబు చెప్పే తీరులో, అందరికీ వినబడేలా చెప్పింది.

"అయితే నేను అక్కడికి వెళ్తాను. అమ్మ చూడ్డానికి వచ్చేటప్పుడు చెంచా తేకూడదు."